నల్లరాతి బుడగ

నాలుగో రంధ్రం ఎంత పోసినా తాగుతోంది.

అంతకు ముందు మూడూ బుద్ధిగా తలా అయిదు డబ్బాల పేలుడు మందు పుచ్చుకుని ఊరుకున్నాయి. ఇది మాత్రం ఏడు డబ్బాలు మింగి ఇంకా నోరు తెరుచుకునే ఉంది. ఇబ్రాహీం కర్ర దింపి చూశాడు. అడుగు తగల్లేదు. ఎనిమిదోది పోశాడు, తొమ్మిదోది పోశాడు. పదో డబ్బా కూడా పోశాక కర్ర చివరకు మెత్తగా ఏదో ఆనింది. తల పైకెత్తి చూశాడు. బావి గట్టు మీద ఎవరూ లేరు. చూసినవాళ్ళు లేరు కాబట్టి ఇబ్రాహీం పైన ఇంత మట్టి కూరి, కర్రతో అదిమి, అయిదో రంధ్రం దగ్గరికి జరిగాడు. అప్పుడు పొద్దున పది గంటలు.

ఇబ్రాహీం ఇవాళ నిన్న మందు పట్టినవాడు కాడు. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైటు క్వారీల్లో ముప్పై ఏళ్ళు బ్లాస్టింగ్ మేస్త్రీగా చేశాడు. లైసెన్సు ఉంది, పేరు ఉంది, పేరుతో పాటు వచ్చే పొగరూ కాస్త ఉంది. గ్రానైటులో రంధ్రం ఎక్కువ మందు తాగిందంటే పక్కన ఎక్కడో పగులు ఉన్నట్టు. మందు ఆ పగుల్లోకి జారి చెదిరిపోతుంది. బలం తగ్గి రాయి సరిగ్గా విరగదు. నష్టం అంతే. అలాంటివి అతను వంద చూశాడు. నిన్న ఇదే రంధ్రం వేస్తున్నప్పుడు డ్రిల్లు రాడ్డు ఒక్కసారిగా జానెడు కిందికి జారితే, కంప్రెసర్ నడిపేవాడు బెదిరిపోయాడు. ఇబ్రాహీమే నవ్వి, "పగులు రా. నీళ్ళ జాడ," అన్నాడు. ఆ మాటకు బావి యజమాని అంబదాస్ మురిసిపోయి కొబ్బరికాయ తెప్పించి పెట్టుకున్నాడు.

అయితే ఇది కరీంనగర్ కాదు. ఇచ్చోడ దాటి లోపలికి నాలుగు కిలోమీటర్లు వస్తే అంబదాస్ చేను. ఇక్కడ గ్రానైటు లేదు, అంతా నల్లరాయి. ఆ సంగతి ఇబ్రాహీంకు తెలియక కాదు. తెలిసీ, రాయి రాయే కదా అనుకున్నాడు. అలా అనుకోవడంలో కొంత సుఖం ఉంది మరి. మందు పోస్తుంటే రంధ్రంలోంచి వచ్చే చప్పుడును బట్టి అడుగు గట్టిదో బోలుదో చెప్పేవాడని క్వారీల్లో అతనికి పేరు. ఏడాదిగా ఆ చప్పుడు అతని చెవికి అందడం లేదు. కిందటి నెల క్వారీ యజమాని, "చెవులు పోయినయ్ చాచా, ఇగ ఇంట్ల కూసో," అని సాగనంపాడు. ఆ తర్వాత దొరికిన మొదటి పని ఈ బావి. మొదటి పనిలోనే, నాలుగో హోలు ఏందో తేడాగుందని ఏ నోటితో అంటాడు? అనలేదు.

అనకపోతే మునిగేదేమీ ఉండేది కాదు, ఆ ఇల్లొకటి లేకుంటే. బావి గట్టు నుంచి డెబ్బై అడుగులు వేస్తే అంబదాస్ ఇల్లు. మట్టి గోడలు, పైన సిమెంటు రేకులు. ఆ రేకుల కింద అంబదాస్ కూతురు ప్రవళిక నాలుగు రోజుల పసిగుడ్డుతో మంచం మీద ఉంది. అల్లుడు మస్కట్‌లో ఉంటాడు. అత్తవారిది మంథని. తొలి కాన్పుకని పుట్టింటికి వచ్చింది. మైల తీరే పురుటి స్నానం, పురుడు, ఇంకా కాలేదు. అది అయ్యేదాకా బాలింత గడప దాటకూడదు. గుమ్మానికి వేపకొమ్మ కట్టి ఉంది, తలగడ కింద కొడవలి పెట్టి ఉంది, ఇక ఆ గదిలో తల్లి బాలవ్వ మాటే చట్టం.

మందు పేల్చేటప్పుడు చుట్టుపక్కల పురుగు కూడా ఉండకూడదని ఇబ్రాహీంకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మూడు గంటలకని ఊళ్ళో చాటింపు వేయించారు. పక్క చేన్లలో కూలీలు వెళ్ళిపోయారు. ఎడ్లను, మేకలను రోడ్డు అవతలికి తోలారు. బాలింతను మాత్రం కదపనని బాలవ్వ పొద్దున్నే తెగేసి చెప్పింది. అప్పుడు ఇబ్రాహీం ఏం చేయాలి? అయితే ఇవాళ మందు పెట్టను అనాలి. అనలేదు. గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఫికర్ జెయ్యకు చెల్లే. ఇబ్రాహీం పెట్టిన మందు గట్టు దాటదు. ముప్పై ఏండ్ల సంది ఒక్క రాయి ఎగరలే. పోరిని ఇంట్లనే ఉండనియ్యి."

"నీ మాట మీదనే ఉంటున్న భాయ్," అంది బాలవ్వ.

మధ్యాహ్నానికి ఏడు రంధ్రాలూ నిండాయి. డిటోనేటర్ల తీగలు కలిపి గట్టు మీదికి, అక్కడి నుంచి దూరంగా పెట్టిన బ్యాటరీ పెట్టె దాకా లాగాడు. రెండు దాటేసరికి మాహూర్ వైపు నుంచి మబ్బు లేచింది. ముందు గాలి ఆగిపోయింది. తర్వాత ఎక్కడో దూరంగా బండి బోల్తా పడ్డట్టు ఉరిమింది. ఇబ్రాహీం వినలేదు. అంబదాస్ తల ఎత్తడం చూసి తెలుసుకున్నాడు.

తీగలు కలిపిన మందు మీద మెరుపు మంచిది కాదు. దగ్గర్లో పిడుగు పడితే ఎవరూ మీట నొక్కకుండానే బావి లేచి వస్తుంది. మబ్బు నెత్తి మీదికి రాకముందే పేల్చాలి, లేదా అందరూ బావిని వదిలి పారిపోవాలి. మధ్యలో ఇంకో దారి లేదు. మందులో నీళ్ళు పోసి చంపాలన్నా రెండు గంటల పని, అదీ బావిలో దిగి.

"అంబదాస్, మూడు దాక ఆగేది లేదు. రోడ్డు మీద బండ్లను ఆపుమని చెప్పు. ఇప్పుడే పేలుస్త," అన్నాడు.

అంబదాస్ ఫోన్ తీసి కంప్రెసర్ వాళ్ళకు చెప్పాడు. ట్రాక్టరు తీసుకుని రోడ్డు మీద వాళ్ళే కాపలా ఉన్నారు. సరిగ్గా అప్పుడే ఇబ్రాహీం కూతురు కైనాత్ రాళ్ళ గుట్ట వైపు నుంచి గబగబా వచ్చింది. కైనాత్ భూగర్భశాస్త్రం ఎమ్మెస్సీ చదువుతోంది. ప్రాజెక్టుకు ఇచ్చోడ దిక్కు రాళ్ళు కావాలని తండ్రి వెంట జీపులో వచ్చింది. పగలగొట్టేటందుకు నేను, ఏరుకునేటందుకు నువ్వు అని దారంతా ఇబ్రాహీం ఏడిపించాడు. ఇప్పుడా పిల్ల చున్నీలో ఏవో మూటగట్టుకుని, చెమటలు కక్కుతూ ఎదురుగా నిలబడింది.

"అబ్బూ, జర ఆగు. ఇవి బావిలకెల్లి వచ్చినయేనా?"

మూట విప్పింది. గుప్పెడేసి రాతి ముక్కలు ఆరేడు ఉన్నాయి. పైన నల్లగా, గరుకుగా, మట్టిగడ్డల్లా ఉన్నాయి. లోపలి వైపు సన్నని తెల్ల చారలు, ఆ చారల మీద అద్దం పలుకుల్లాంటి మొనలు.

"మొన్నటి పేలుడుల వచ్చినయ్. పగుల్ల పేరిన పలుగురాయి తీగ. గ్రానైటుల రోజూ చూస్తనే ఉంట," అన్నాడు ఇబ్రాహీం. చేతులు తీగలు చుడుతూనే ఉన్నాయి.

"తీగ గాదు అబ్బూ. తీగ అయితే దీనికి రెండు దిక్కుల రాయి ఉండాలె. ఒక్క దిక్కే ఉన్నది. మొనలు చూడు, అన్నీ ఒక్క దిక్కుకే మళ్ళినయ్." కైనాత్ నేల మీద కూర్చుని ముక్కకు ముక్క ఆనించింది. నాలుగు ముక్కలు కలిసేసరికి లోతైన గిన్నెలో సగం తయారైంది. మొనలన్నీ గిన్నె లోపలికి చూస్తున్నాయి. "పలుకు మొనదేలి పెరగాలంటే ముందుగాల్ల ఖాళీ ఉండాలె. ఇది గుండు పెంకు. జియోడ్ అంటరు. బయటికెల్లి చూస్తే మామూలు గుండే. ఎత్తితే దాని సైజుకు ఉండాల్సినంత బరువు ఉండదు, కొడితే బోలు చప్పుడైతది. మొత్తం గుండు గింత ఉంటుండె."

చేతులు ఎడంగా చాపి చూపించింది. ఆ చేతుల మధ్య చాట పడుతుంది. ఇబ్రాహీం చేతుల్లో తీగ ఆగింది.

"బావి గోడ మీద ఎర్ర పట్టీ ఉన్నది చూసినవా?" కైనాత్ ఊపిరి తీసుకోకుండా చెబుతోంది. "ఈ రాయి ఒక్కసారి పుట్టలే అబ్బూ. నిప్పు లెక్క పారుకుంట వచ్చి, చల్లారింది. దాని మీద మట్టి పేరుకున్నది. మళ్ళ ఇంకో నిప్పు వరద వచ్చి దాన్ని కాల్చింది. గా కాలిన మట్టే ఎర్ర పట్టీ. అంటే పట్టీ కింద ఉన్నది పాత నిప్పు వరద నెత్తి. నిప్పు పారేటప్పుడు లోపలి గాలి బుడగలై నెత్తికే చేరుతది. రాయి గట్టిపడితే బుడగలు ఆడనే చిక్కుతయ్. తర్వాత లక్షల ఏండ్లు ఒక్కొక్క చుక్క నీళ్ళు ఊరి, బుడగ గోడకు చారలు కట్టి, పలుకులు కట్టినయ్. కొన్ని నిండినయ్, కొన్ని బోలుగనే ఉన్నయ్. ఇప్పుడు నీ హోళ్ళన్నీ పట్టీ కిందనే ఉన్నయ్. బుడగలున్న చోటనే."

చేతిలో ముక్క కింద పెట్టి తల ఎత్తింది.

"ఏదన్న హోలు ఎక్కువ మందు తాగిందా, అబ్బూ?"

"లే," అన్నాడు ఇబ్రాహీం.

అంత తేలిగ్గా వచ్చిన అబద్ధం అతని నోట ఇంతకు ముందు ఎప్పుడూ రాలేదు. కైనాత్ తండ్రి ముఖంలోకి చూసింది. అతను మబ్బు వైపు చూశాడు.

లోపల మాత్రం లెక్క గిర్రున తిరుగుతోంది. పగుల్లోకి పోయిన మందు చెదిరిపోతుంది, నిజమే. బుడగలోకి పోయిన మందు చెదరదు, ఒక్కచోట కూర్చుంటుంది. పది డబ్బాలు. ఏడు రంధ్రాల్లోకెల్లా గట్టుకు దగ్గరగా ఉన్నది ఆ నాలుగోదే, ఇంటి వైపు. ఆ బుడగ మీద ఎంత మందాన రాయి ఉందో దేవుడికే తెలియాలి. రాడ్డు జారినప్పుడే తెలియాల్సింది. కర్రకు అడుగు తగలనప్పుడైనా తెలియాల్సింది. ఎలా తెలుస్తుంది, గ్రానైటు కడుపులో ఖాళీ ఉండదు కదా! ఖాళీ అన్నది తన తలకాయలోనే ఉందని ఇబ్రాహీం తనను తాను తిట్టుకున్నాడు. ఈసారి ఉరుము అతనికి కూడా వినిపించింది.

"బాలింతను బయటికి తీయాలె," అన్నాడు. ఇంటి వైపు పరుగుపెట్టాడు.

వేపకొమ్మ కట్టిన గుమ్మం దగ్గర ఆగిపోయాడు. లోపల ప్రవళిక మంచం మీద గోడ వైపు తిరిగి బిడ్డకు పాలిస్తోంది. వసారాలో బాలవ్వ పొయ్యి ముందు కూర్చుని జొన్న రవ్వ ఉడికించి గట్క కలుపుతోంది. ఇబ్రాహీం రొప్పుతూ విషయం చెప్పాడు. సగమే చెప్పాడు. రాయి మంచిది కాదు, ఎగరొచ్చు, ఇంట్లో ఉండొద్దు అన్నాడు.

బాలవ్వ గరిటె ఆపలేదు.

"పొద్దుగాల గట్టు దాటదంటివి."

"అన్న."

"గుండె మీద చెయ్యేసుకొని అంటివి."

"అన్న చెల్లే. గప్పుడు ఈ రాయి సంగతి తెల్వదు."

"పొద్దుగాల తెల్వంది ఇప్పుడెట్ల తెల్సింది? మబ్బు జూసి భయపడుతున్నవా?" బాలవ్వ గొంతు పెరిగింది. "నాలుగు దినాల బాలింతను వాన గాలికి బయటికి గుంజుమంటవా? గాలి సోకి పోరికేమన్న అయితే మంథనోళ్ళకు ఏం జవాబు జెప్పాలె నేను? నీ మాట మీద ఉన్న భాయ్. నీ మాట మీదనే ఉంట. పో, పేల్చుకో."

ఇన్నేళ్ళూ ఇబ్రాహీం కూడబెట్టుకున్న పేరే ఇప్పుడు ఆ తలుపుకు అడ్డం పడి కూర్చుంది. వెనక నుంచి అంబదాస్ భార్యను ఏదో అనబోయి, ఆమె చూపుకు మింగేశాడు. పడమట మెరిసింది. ఇబ్రాహీం అలవాటుగా ఒకటి, రెండు లెక్కపెట్టాడు. పద్దెనిమిది దగ్గర ఉరిమింది. మబ్బు నెత్తి మీదికి రావడానికి ఇంకో పది నిమిషాలు, మహా అయితే పదిహేను.

పొయ్యి మీద గట్క బుడుక్కుమంది. అతను దాని వైపు చూశాడు. గొంతుక్కూర్చుని వేలు చూపించాడు.

"చెల్లే, గట్క పలుచగ ఉన్నప్పుడు బుడగ వచ్చి పగిలిపోతది గదా?"

"ఇప్పుడు నాకు వంట నేర్పుతవా?"

"జర జెప్పు. చిక్కబడ్డంక?"

"చిక్కబడ్డంక పగల్లేక గాడనే మీద నిలుస్తది. చల్లారితే గుంత పడుతది," అంది బాలవ్వ విసుగ్గా.

"ఈ నల్లరాయి గట్లనే పుట్టింది. నిప్పు గట్క లెక్క ఉడుక్కుంట వచ్చి చల్లారింది. నా బిడ్డ చదివింది, ముక్కలు గూడ చూపెట్టింది. ఒక హోలు గసుంటి బుడగల పడ్డదని నాకు అనుమానం. బుడగల మందు పడితే అది నా మాట వినదు."

బాలవ్వ గరిటె ఎత్తి పట్టుకుని కుండలోకి చూసింది. చిక్కటి గట్క మీద ఒక బుడగ ఉబ్బింది. దాని పక్కన ఇంకోటి, అంచు వెంబడి మూడోది.

"ఒక్క బుడగ ఉండదు గదా భాయ్," అంది నెమ్మదిగా. "మీద చేరినయంటే అన్నీ ఒక్క తీరుగనే చేరుతయ్. మా ఇల్లు గూడ గా రాయి మీదనే ఉన్నది."

ఇబ్రాహీం జవాబు చెప్పేలోపే ఆమె లేచింది. ఇక ఆ తర్వాత బాలవ్వను ఆపడం ఎవరి తరమూ కాలేదు. పొయ్యిలో నీళ్ళు కుమ్మరించింది. గుమ్మానికి కట్టిన వేపకొమ్మ పీకి మంచం కాళ్ళకు దోపింది. తలగడ కింది కొడవలి తీసి ప్రవళిక చేతికిచ్చి, తల్లినీ బిడ్డనూ కలిపి గొంగడి కప్పింది.

"అవ్వా, పురుడు గాలే గదా," అంది ప్రవళిక.

"మంచం దిగకు. నీ కాలు గడప దాటద్దు గాని మంచం దాటొచ్చు. నేను జెప్తున్న," అంది బాలవ్వ. అప్పటికప్పుడు పుట్టిన ఆ శాస్త్రానికి ఎదురు చెప్పే ధైర్యం ఎవరికుంది?

నలుగురూ మంచం నాలుగు కోళ్ళు పట్టారు. ముందు ఇబ్రాహీం, అంబదాస్. వెనక కైనాత్, బాలవ్వ. దున్నిన చేనులో కాళ్ళు దిగబడుతున్నాయి. మంచం ఒరిగినప్పుడల్లా గొంగడి కింద పసిగుడ్డు కెవ్వుమంటోంది. బావిని ఆనుకునే దారి. నాలుగో రంధ్రం ఉన్న అంచు పక్కనుంచి వెళ్తున్నప్పుడు ఇబ్రాహీం అడుగు వేగం పెంచాడు. ఆ మంచం మీద ఉన్న ఇద్దరికీ, ఆ పది డబ్బాలకూ మధ్య ఇరవై అడుగులు లేవు. మెరిసింది. పద్నాలుగు. రోడ్డు మీదికి ఎక్కి, రేషన్ దుకాణం వసారాలో మంచం దించేసరికి కైనాత్ అరచేతులు కమిలి ఎర్రగా ఉన్నాయి.

"ఇగ చాలు అబ్బూ. మెరుపు దగ్గరికొస్తుంది. వాపస్ పోకు. మబ్బు పోయేదాక ఈడనే ఉందాం," అంది.

"మబ్బు పోయేటాల్లకు ఎవడన్న మేకల కోసం అటు పోతడు. నేను పెట్టిన మందు, నేనే తీర్చాలె," అన్నాడు ఇబ్రాహీం. వెళ్ళాడు.

బ్యాటరీ పెట్టె బావికి రెండు వందల గజాల దూరంలో, బోర్లించిన ఇనుప ట్రాలీ కింద ఉంది. పాకుతూ దాని కిందికి దూరాడు. వినేవాళ్ళు లేకపోయినా అలవాటు ప్రకారం "ఫైర్!" అని మూడుసార్లు అరిచాడు. తీగలు తగిలించాడు. మీట మీద చెయ్యి పెట్టాక ఒక ఆలోచన వచ్చింది. ఒక్క రాయీ ఎగరకపోతే ఏమవుతుంది? బాలింతను ఊరికే బయటికి గుంజిన ముసలోడని ఇచ్చోడ అంతా నవ్వుతుంది. ఒక్కటంటే ఒక్క రాయి, చిన్నది, ఇంటి మీద పడితే బాగుండునని అతని మనసు కోరుకుంది. కోరుకున్నదేమిటో అర్థమై, ఇబ్రాహీం సిగ్గుతో కళ్ళు మూసుకున్నాడు. నొక్కాడు.

మందు సరిగ్గా కూర్చున్న బావి పేలితే భూమి లోపల బరువైన మూట పడ్డట్టు ఉంటుంది. చెవితో కన్నా పాదాలతో ఎక్కువ తెలుస్తుంది. ఇది అలా లేదు. ఆకాశం పగిలినట్టు, పదునుగా, పైకి పేలింది. అతని చెవిటి చెవి కూడా గింగురుమంది. ట్రాలీ మీద రాళ్ళు వానలా పడ్డాయి. ఒకటి ఇనుమును సొట్ట పెట్టి పక్కకు దొర్లింది. అన్నీ ఆగిపోయాయి అనుకున్నాక, చాలాసేపటికి, ఇంటి వైపు రేకులు విరిగిన చప్పుడు అతని చెవికి కూడా అందింది.

అతను బయటికి పాకేసరికి వాన మొదలైంది. బావి గట్టు ఇంటి వైపు బండెడు మేర లేదు.

అందరూ ఇంటి దగ్గరికి వచ్చేటప్పటికి కాస్త తెరపి ఇచ్చింది. ప్రవళికను, బిడ్డను దుకాణంలోనే ఉంచి బాలవ్వ ముందు నడిచింది. ఇంటి రేకుల్లో మూడడుగుల కంత. కింద మంచం ఉండే చోట, తలగడ వైపు, నేల గుంత పడి ఉంది. ఆ గుంతలో గుమ్మడికాయంత రాయి. ఒక వైపు నల్లగా మొద్దుగా ఉంది, రెండో వైపు కడిగిన గాజులా పలుకులు. కంతలోంచి వాన చుక్కలు వాటి మీద పడుతుంటే అవి మెరుస్తున్నాయి. అంత అందమైన రాయిని కైనాత్ జీవితంలో చూసి ఉండదు. చేత్తో తాకలేదు, గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

అంబదాస్ గుంత వైపు చూశాడు, కూతురి మంచం ఉన్న చోటు వైపు చూశాడు. రెండూ ఒకటేనని అర్థమయ్యాక ఇబ్రాహీం చేతులు పట్టుకున్నాడు. ఆ పెద్దమనిషి కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి.

"భాయ్, నువ్వు ఉరికొచ్చి చెప్పకపోతే ఇయ్యాల నా ఇల్లు ఆరిపోయేది. ఏ జన్మల రుణమో." భుజం మీది రుమాలు తీశాడు. బావిలో నీళ్ళు పడ్డ నాడు మేస్త్రీకి తలపాగ చుట్టడం ఆ ఊళ్ళో మర్యాద. నీళ్ళు పడ్డాయో లేదో ఎవరూ చూడలేదు, అయినా అంబదాస్ రుమాలు విప్పి ఇబ్రాహీం తలకు చుట్టబోయాడు.

ఇబ్రాహీం తల వంచాడు. బట్ట నుదుటికి తగిలింది. చుట్టించుకుంటే సరిపోతుంది. రేపటికి ఇచ్చోడ నుంచి కరీంనగర్ దాకా పాకుతుంది, ఇబ్రాహీం రాయి మనసు చదివి రెండు ప్రాణాలు కాపాడాడని. క్వారీ యజమాని కూడా వింటాడు. నాలుగో రంధ్రం సంగతి ఎవరికీ తెలియదు, ఇక ఆ రంధ్రమే లేదు. కైనాత్ ఏడుపు ఆపి తండ్రి వైపే చూస్తోంది. అడిగిన ప్రశ్నే మళ్ళీ అడగలేదు.

అతను అంబదాస్ చేతిని పట్టుకుని ఆపాడు.

"కట్టకు అంబదాస్. నేను కాపాడలే. నాలుగో హోలు రెండింతలు మందు తాగింది. నాకు తెల్సు. ఎవరికీ చెప్పకుంట మట్టి గప్పిన. నా బిడ్డ అడిగితే గూడ లేదన్న."

రుమాలు అంబదాస్ చేతిలో వేలాడింది. బాలవ్వ గుంత దగ్గర నుంచి లేచి నిలబడింది.

"ఎప్పుడు తెల్సింది?"

"పది గంటలకు."

"పొద్దుగాల పదింటికా?"

"పొద్దుగాల పదింటికే."

బాలవ్వ తిట్టలేదు. తిడితే ఇబ్రాహీంకు ఎంత బాగుండేదో! ఆమె వేళ్ళు మడుస్తూ, తనలో తాను లెక్కపెట్టుకుంటున్నట్టు మాట్లాడింది.

"పదకొండింటికి బిడ్డకు నీళ్ళు పోసిన, గీ రేకుల కిందనే. పన్నెండింటికి దానికి పథ్యం పెట్టిన. ఒంటిగంటకు ఇద్దరు పండుకున్నరు. నేను తలుపు దగ్గరికేసి, సప్పుడు జెయ్యద్దని అందరికీ చెప్పిన." కొంగుతో ముఖం తుడుచుకుని ఫోన్ తీసింది. "మంథనోళ్ళకు చెప్పాలె. రేకులు పలిగినంక దాపెడితే దాగదు. ఏమని చెప్పాలె నేను? చెప్పుండ్రి ఎవలన్న."

పైన కంతలోంచి నీళ్ళు గుంతలోకి ధారగా పడుతున్నాయి. ఇబ్రాహీం చెయ్యి చాపాడు.

"నంబర్ కలిపి నాకియ్యి చెల్లే. నేను మాట్లాడుత."

బాలవ్వ నంబరు నొక్కి ఇచ్చింది. అవతల ఫోన్ మోగింది, ఆగింది, ఎవరో ముసలామె "ప్రవళికా, మంచిగున్నరా బిడ్డా?" అని గట్టిగా అడిగింది.

"ఇద్దరు మంచిగున్నరమ్మా," అన్నాడు ఇబ్రాహీం. "నేను కరీంనగర్ ఇబ్రాహీంను, బావికి మందు పెట్టినోణ్ణి. మీకు ఒక సంగతి చెప్పాలె. తప్పు నాది. మొత్తం విన్నంక తిట్టుండ్రి."